జర్మనీలో సంగీతం చదవాలంటే: లైప్‌జిగ్, వైమార్, బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో ఏది ఎవరికి?

మా అక్క కూతురు హైదరాబాద్‌లో పియానో ఎనిమిదో గ్రేడు పాసయ్యాక జర్మనీలోనే డిగ్రీ చేస్తానని పట్టుబట్టింది. మా బావ సాఫ్ట్‌వేర్ మనిషి. ఏడు కాలేజీలతో ఎక్సెల్ షీట్ చేసి నాకు పంపాడు. ఫీజు, ఊరు, హాస్టల్, ర్యాంకింగ్, పెట్టిన సంవత్సరం, అక్కడ చదివిన గొప్పవాళ్లు... మొత్తం పదకొండు కాలమ్స్. "నువ్వక్కడే ఉంటున్నావుగా, ఏది బెస్టో చూసి టిక్ పెట్టెయ్" అన్నాడు. షీట్ ముచ్చటగా ఉంది. టీచర్ అనే కాలమ్ మాత్రం లేదు.

ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వస్తే కాలేజీలో చేరతాం. ఇక్కడ కాలేజీలో సీటు అంటే ఒక గురువు క్లాసులో చోటు. వారానికి ఒకసారి గంటో గంటన్నరో మీరూ ఆయనా ఎదురెదురుగా కూర్చుంటారు. నాలుగేళ్లూ అదే వరస. మిగతా సబ్జెక్టులన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. మన దగ్గర ఇది కొత్త సంగతేం కాదు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో చదివిన పాతతరం వాళ్లను అడిగితే కాలేజీ పేరు కన్నా ముందు "ద్వారం వారి శిష్యుణ్ణి" అనే చెప్పేవాళ్లు. జర్మనీలోనూ సంగీతం వాళ్లు ఒకరినొకరు మొదట అడిగేది "ఎవరి దగ్గర?" అనే.

అందుకని ఈ పోలికలో ర్యాంకులు ఉండవు. ఏ కాలేజీ ఎందుకు పుట్టింది, ఆ పుట్టుక ఈనాటి చదువు మీద ఎలా కనిపిస్తుంది, ఎలాంటి విద్యార్థికి నప్పుతుంది అన్నది చూద్దాం.

ముందు ఒక పేరు గొడవ. కన్జర్వేటరీ అంటే మనకు ఘనంగా వినిపిస్తుంది. 19వ శతాబ్దంలో జర్మనీలోనూ అంతే. ఇప్పుడు అక్కడ యూనివర్సిటీ హోదా ఉన్న సంగీత కళాశాలను 'ముజీక్ హోఖ్‌షూలె' అంటారు. ప్రభుత్వాలు నడిపేవి 24 ఉన్నాయి. 'కొన్‌జెర్వటోరియుమ్' అన్న బోర్డు మాత్రం ఎక్కువగా పిల్లలకు, ప్రవేశ పరీక్షకు తయారయ్యేవాళ్లకు నేర్పేచోట కనిపిస్తుంది. 'షూలె' అంటే స్కూలే కదా అని తీసిపారేయకండి, అసలు సరుకు అక్కడే ఉంది.

లైప్‌జిగ్

షీట్‌లో మొదటి వరస ఇదే. కారణం 'పెట్టిన సంవత్సరం' కాలమ్: 1843. వూర్ట్స్‌బుర్గ్ వాళ్లు తమ సంగీత శిక్షణాలయం అంతకన్నా ముందే మొదలైందని లెక్క చూపిస్తారు, అదీ నిజమే. కానీ తర్వాత జర్మనీ అంతటా లేచిన కాలేజీలకు అచ్చుగా నిలిచింది లైప్‌జిగే.

హైన్రిఖ్ బ్ల్యూమ్నర్ అనే న్యాయశాఖ పెద్దమనిషి చనిపోతూ, కళలకో శాస్త్రాలకో ఖర్చు పెట్టమని శాక్సనీ రాజుకు 20,000 థాలర్లు రాసిపోయాడు. ఆ ఊరి ఆర్కెస్ట్రాను నడుపుతున్న ఫీలిక్స్ మెండెల్సన్ రాజును ఒప్పించి ఆ డబ్బును సంగీత కళాశాలకు మళ్లించాడు. కచేరీలు జరిగే గెవాండ్‌హౌస్ ప్రాంగణంలోనే తరగతులు. (గెవాండ్‌హౌస్ అంటే బట్టల వ్యాపారుల భవనం. ప్రపంచంలోని పేరున్న ఆర్కెస్ట్రాల్లో ఒకటి ఇప్పటికీ ఆ బట్టల కొట్టు పేరుతోనే బతుకుతోంది.) పియానో, స్వరరచన నేర్పడానికి రాబర్ట్ షూమన్, వయొలిన్‌కు ఆర్కెస్ట్రా నాయకుడు ఫెర్డినాండ్ డేవిడ్, సిద్ధాంతానికి మోరిట్స్ హౌప్ట్‌మన్. కోర్సు మూడేళ్లు, థియరీ అందరికీ తప్పనిసరి. ఆడపిల్లలను మొదటి నుంచీ చేర్చుకున్నారు, కాకపోతే వాళ్ల థియరీని వేరే క్లాసులో రెండేళ్లకే కుదించేశారు.

ఇక బావ షీట్‌లో 'గొప్ప పూర్వ విద్యార్థులు' కాలమ్: గ్రీగ్, యానాచెక్, ఎథెల్ స్మిత్. ముగ్గురూ పేరున్న స్వరకర్తలు, పేర్లు నిజమే. వాళ్లక్కడ ఎలా చదివారో చూస్తే ఆ కాలమ్ మీద మోజు పోతుంది. ఎడ్వర్డ్ గ్రీగ్ 1858లో పదిహేనేళ్లవాడిగా నార్వే నుంచి వచ్చాడు. మొదట దొరికిన పియానో మాస్టారు లూయీ ప్లైడీ. ఆయన వేళ్ల వ్యాయామాలు తప్ప ఇంకేమీ చేయించడని విసిగిపోయి, గురువును మార్చమని అడిగి మార్పించుకున్నాడు. పెద్దయ్యాక కూడా ఆ కాలేజీ గురించి తీపిగా మాట్లాడలేదు. ఎథెల్ స్మిత్ 1877లో ఇంగ్లండ్ నుంచి ఇంట్లోవాళ్లతో యుద్ధం చేసి వచ్చింది. ఏడాది తిరిగేసరికి కాలేజీ మానేసి, అదే ఊళ్లో హెర్ట్సోగెన్‌బెర్గ్ అనే స్వరకర్త దగ్గర విడిగా నేర్చుకుంది. యానాచెక్ 1879 చివర్లో చేరి కొన్ని నెలలకే వియన్నా వెళ్లిపోయాడు.

ఇవన్నీ లైప్‌జిగ్ పనికిరాదని చెప్పడానికి కాదు. స్మిత్ కాలేజీ మానేసింది గానీ ఊరు వదల్లేదు, చూడండి. ఆ ఊరే పెద్ద క్లాసు. మెండెల్సన్ కాలం నుంచీ విద్యార్థులు గెవాండ్‌హౌస్ రిహార్సల్స్‌లో కూర్చుని వినేవారు. కచేరీలో తుది రూపం వినిపిస్తుంది. రిహార్సల్‌లో అయితే నలభై మంది కలిసి ఒకే తప్పు చేయడం, దాన్ని ఒకాయన రెండు మాటల్లో దిద్దడం వినిపిస్తుంది. అదెంత చదువో వేరే చెప్పాలా?

ఇప్పటి భవనం 1887 నాటిది, హూగో లిఖ్ట్ కట్టాడు. అందులోని కచేరీ హాలు 1944 బాంబు దాడిలో పోయింది. గెవాండ్‌హౌస్ ముందున్న మెండెల్సన్ విగ్రహాన్ని, ఆయన పుట్టుకతో యూదుడని, నాజీలు 1936లో తొలగించారు. కాలేజీకి ఆయన పేరు 1972లో వచ్చింది, అంటే తూర్పు జర్మనీ ప్రభుత్వ కాలంలో. విగ్రహం నకలు 2008లో సెయింట్ థామస్ చర్చి పక్కన మళ్లీ నిలబడింది. బాఖ్ పనిచేసిన చర్చి అదే. ఇప్పటికీ శుక్రవారం సాయంత్రం, శనివారం మధ్యాహ్నం అక్కడ బాలుర గాయకబృందం పాడుతుంది, చిల్లర డబ్బులకే లోపలికి పంపిస్తారు.

ఆర్గన్, చర్చి సంగీతం, బృందగానం, ప్రాచీన వాద్యాలు మీ దారి అయితే లైప్‌జిగ్‌ను మించిన ఊరు నాకు తెలియదు. తీగవాద్యాల వాళ్లకూ మంచిదే. పియానో వాళ్లకు మాత్రం గురువు పేరు తేలేదాకా నేను టిక్ పెట్టను. పైగా ఇక్కడ ఫీజు ఉంది, ఆ సంగతి కిందికి వచ్చాక.

వైమార్

అరవై అయిదు వేల జనాభా ఉన్న ఊరు. పియానో విద్వాంసుడు, స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ 1869 నుంచి చనిపోయేదాకా ఏటా కొన్ని నెలలు ఇక్కడ ఒక తోటమాలి ఇంట్లో ఉంటూ పియానో నేర్పాడు. ఫీజు తీసుకోలేదు. శిష్యులు నోట్స్ తెచ్చి బల్ల మీద పేరిస్తే ఆయన ఒకటి తీసి "ఇదెవరు వాయిస్తారు?" అనేవాడు. ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్లంతా చుట్టూ నిలబడి వినేవాళ్లు. ఇప్పుడు ప్రపంచమంతా మాస్టర్‌క్లాస్ అంటున్నది ఆ పద్ధతినే.

కాలేజీని పెట్టింది మాత్రం ఆయన కాదు, పేరు కూడా 1956లోనే పెట్టారు. ఆయన ఆలోచనను అందుకుని 1872లో కార్ల్ ముల్లర్‌హార్టుంగ్ ఆర్కెస్ట్రా వాద్యకారుల కోసమే ఈ స్కూలు తెరిచాడు. జర్మనీలో ఆ తరహాలో అదే మొదటిది. తక్కిన చోట్ల పియానిస్టులూ సోలో వయొలిన్ వాళ్లూ తయారవుతుంటే, ఇక్కడ హార్న్ ఊదేవాడికీ డబుల్ బాస్ వాయించేవాడికీ కూడా పద్ధతిగా చదువు చెప్పాలనుకున్నారు. ఆ గుణం ఇంకా పోలేదు. ఆర్కెస్ట్రా, కండక్టింగ్ అనుకునేవాళ్లకు ఇది గట్టి ఎంపిక. ఊరి బయట బెల్వెడేర్ కోట దగ్గర ప్రతిభ ఉన్న స్కూలు పిల్లల కోసం హాస్టల్‌తో సంగీత పాఠశాల కూడా ఉంది.

నడిచి ఊరంతా తిరిగేయొచ్చు. బెర్లిన్‌తో పోలిస్తే అద్దె తక్కువ. కానీ శని ఆదివారాల్లో బయట కచేరీలు చేసి నాలుగు డబ్బులు సంపాదిద్దామంటే చిన్న ఊళ్లో అవకాశాలూ చిన్నవే. సందడి లేకపోతే ఊపిరాడని పిల్లల్ని ఇక్కడికి పంపకండి, నవంబరు చీకట్లకే డీలా పడిపోతారు.

బెర్లిన్

బెర్లిన్‌లో ఒకటి కాదు, రెండు. పాతదాన్ని 1869లో వయొలిన్ విద్వాంసుడు యోజెఫ్ యోయాఖిమ్ మొదలుపెట్టాడు. ఇక్కడొక తమాషా ఉంది. 1843లో పన్నెండేళ్ల యోయాఖిమ్‌ను కొత్తగా తెరిచిన లైప్‌జిగ్ కాలేజీలో చేర్పిద్దామని తీసుకొస్తే, మెండెల్సన్ అతని వాయిద్యం విని, వీడికి కన్జర్వేటరీ అక్కర్లేదు, డేవిడ్, హౌప్ట్‌మన్‌ల దగ్గర విడిగా నేర్చుకుంటే చాలన్నాడు. కన్జర్వేటరీ అక్కర్లేదనిపించుకున్న కుర్రాడే పెద్దయ్యాక బెర్లిన్ కాలేజీకి అధిపతి అయ్యాడు. అదే 1975లో చిత్రకళాశాలతో కలిసి, 2001 నుంచి యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ అనే పేరుతో ఉంది. రెండోది 1950లో తూర్పు బెర్లిన్‌లో పుట్టింది. ఊరు రెండు ముక్కలైంది, ఆ ముక్కకు కాలేజీ లేదు, కొత్తది కట్టుకున్నారు. 1964 నుంచి స్వరకర్త హాన్స్ ఐస్లర్ పేరే దాని పేరు. గోడ కూలినా రెండూ మిగిలాయి.

మొదటిది పెద్దది. డిజైన్, చిత్రకళ, నటన విద్యార్థులతో భుజాలు రాసుకుంటూ తిరగొచ్చు. సంగీతంతో పాటు ఇంకేదో చేయాలన్న దురద ఉన్నవాళ్లకు సరదా. ఐస్లర్ చిన్నది, అక్కడ సంగీతం తప్ప మరో ధ్యాస ఉండదు. ఒపెరా గాత్రానికీ, ఆర్కెస్ట్రా ఉద్యోగానికీ గురిపెట్టినవాళ్లకు అది నప్పుతుంది. ఊళ్లో మూడు ఒపెరా హౌస్‌లు, ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా, దానికి అనుబంధంగా యువ వాద్యకారుల అకాడమీ. అన్నీ ఉన్నాయి. గది ఒక్కటే దొరకదు. బెర్లిన్‌లో గది వెతకడం ప్రవేశ పరీక్ష కన్నా టెన్షన్ అని అక్కడి విద్యార్థులు నవ్వుతూనే అంటారు, మూడో నెలలో ఆ నవ్వు ఉండదు. గదిలో పియానో వాయించుకోవడానికి ఇంటి ఓనరు ఒప్పుకోవడం ఇంకో కథ.

ఫ్రాంక్‌ఫర్ట్

ఈ ఊరి చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, పిల్లలు అక్కడే పెరుగుతున్నారు. అందుకే కాస్త ఆగుదాం.

డాక్టర్ హోఖ్ కన్జర్వేటరీ 1878లో మొదలైంది, యోజెఫ్ హోఖ్ అనే ధనికుడి వీలునామా డబ్బుతో. మొదటి పియానో గురువుల్లో క్లారా షూమన్ ఉంది. యాభై తొమ్మిదేళ్ల వయసులో, ఉపాధ్యాయుల్లో ఏకైక స్త్రీగా చేరుతూ ఆవిడ పెట్టిన షరతులు చదివితే ముచ్చటేస్తుంది: రోజుకు గంటన్నర మించి నేర్పను, మా ఇంట్లోనే నేర్పుతాను, ఏడాదికి నాలుగు నెలలు సెలవు, చలికాలంలో కచేరీలకు వెళ్లొస్తాను. అన్నిటికీ ఒప్పుకున్నారు. గురువు విలువ తెలిసిన కాలేజీ అలాగే ఉంటుంది మరి. 1928లో మాత్యాష్ శైబర్ ఇక్కడ జాజ్ క్లాసు తెరిచాడు. కన్జర్వేటరీలో జాజ్ ఏమిటని పత్రికలు మండిపడ్డాయి. 1933లో నాజీలు రాగానే ఆ క్లాసు పోయింది, యూదుడైన డైరెక్టర్ బెర్న్‌హార్డ్ సెక్లెస్‌నూ తీసేశారు.

ఈ హోఖ్ ఇప్పటికీ ఉంది. స్కూలుకెళ్తూ సంగీతం గట్టిగా నేర్చుకునే పిల్లలకు, హోఖ్‌షూలె ప్రవేశానికి తయారయ్యేవాళ్లకు మంచి మెట్టు. ఊళ్లో ఉన్న రాష్ట్ర హోఖ్‌షూలె వేరే సంస్థ. పూర్తిస్థాయి డిగ్రీ కోసం వచ్చేవాళ్లు ఎక్కువగా చూసేది దాన్నే. రెండు పేర్లూ కలిపేసి ఒకదానికి పంపాల్సిన మెయిల్ ఇంకోదానికి పంపినవాళ్లు నాకు తెలుసు. మా బావ వాళ్లలో ఒకడు.

కొలోన్, మ్యూనిక్ క్లుప్తంగా. కొలోన్ యూరప్‌లోని పెద్ద సంగీత కళాశాలల్లో ఒకటి. ఆఖెన్, వుప్పర్‌టాల్‌లలో కూడా దాని శాఖలున్నాయి, మీకు సీటొచ్చింది ఏ ఊళ్లోనో చూసుకోండి. ఆధునిక స్వరకర్త స్టాక్‌హౌజెన్ చదివిందీ, తర్వాత నేర్పిందీ అక్కడే. కొత్త సంగీతం మీద మనసున్నవాళ్లు అటు చూడొచ్చు. మ్యూనిక్‌లో చదువు గొప్పదే, అద్దెలు బెర్లిన్‌నే తలదన్నేలా ఉంటాయి. ఆ కాలేజీ ముఖ్య భవనం ఒకప్పుడు హిట్లర్ కట్టించుకున్న కార్యాలయం. 1938 మ్యూనిక్ ఒప్పందం మీద సంతకాలు జరిగింది అందులోనే. ఇప్పుడు ఆ కారిడార్లలో పిల్లలు ట్రంపెట్లు సాధన చేస్తుంటారు.

డబ్బు సంగతి

జర్మనీలో చదువు ఉచితం అన్న మాట పూర్తిగా నిజం కాదు. లైప్‌జిగ్ కాలేజీ 2013 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,800 యూరోలు తీసుకుంటోంది. ఎనిమిది సెమిస్టర్ల డిగ్రీకి 14,400. ఫ్రైబుర్గ్, ష్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూ, మన్‌హైమ్, ట్రోసింగెన్ ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017లో సెమిస్టర్‌కు 1,500 పెట్టింది. బెర్లిన్, వైమార్, కొలోన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో మామూలు డిగ్రీకి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ చందా ఉంటుంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే బ్యాంకు ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అంటే నెలకు 992. బెర్లిన్‌లో మంచి గది అందులో సగం పైనే మింగేస్తుంది. కాబట్టి ఫీజు ఒక్కటే చూసి బెర్లిన్ చవక, లైప్‌జిగ్ ఖరీదు అనుకుంటే లెక్క తప్పుతుంది. రెండూ కలిపి చూసుకోండి.

గురువును ఎలా వెతకాలి

కాలేజీ వెబ్‌సైట్‌లో మీ వాద్యం కింద ఉన్న అధ్యాపకుల పేర్లు తీయండి. వాళ్ల వాయిద్యం వినండి, అంతకన్నా ముఖ్యంగా వాళ్ల శిష్యుల వాయిద్యం వినండి. నచ్చితే మర్యాదగా మెయిల్ రాసి ట్రయల్ క్లాసు అడగండి. ఇక్కడ అది మామూలే, ఎవరూ అతి చొరవ అనుకోరు. కొందరు డబ్బు తీసుకుంటారు, కొందరు తీసుకోరు. ఆ గంటలో మీరు ఎంత బాగా వాయించారన్నది కాదు, ఆయన చెప్పింది పది నిమిషాల్లో మీ చేతికి వచ్చిందా లేదా అన్నది చూసుకోండి. ఆయనా అదే చూస్తాడు.

ఇంకొకటి అడగాలి, అడగడానికి మొహమాటంగా ఉంటుంది గానీ అడగాలి: రిటైర్మెంట్ ఎప్పుడు? ఒక కాలేజీలో, పేరెందుకు గానీ, మా పిల్ల ఎంతో ఇష్టపడి దరఖాస్తు చేసిన ప్రొఫెసర్ ఆ సెప్టెంబరుకే దిగిపోతున్నాడని పరీక్ష రోజు కారిడార్‌లో ఇంకో విద్యార్థి చెబితే తెలిసింది. మొహం మాడిపోయింది పాపం. వెబ్‌సైట్‌లో ఆయన ఫొటో అప్పటికీ నవ్వుతూనే ఉంది.

పరీక్ష ఎలా ఉంటుందంటే, గ్రేడు సర్టిఫికెట్ ఎవరూ చూడరు. పియానోకు మామూలుగా బాఖ్ ప్రిలూడ్-ఫ్యూగ్ ఒకటి, క్లాసికల్ సొనాటా ఒకటి, రొమాంటిక్ కాలపు రచన ఒకటి, ఇంకాస్త కొత్తది ఒకటి, అన్నీ నోట్స్ చూడకుండా. లోపల అయిదారుగురు బల్ల వెనక కూర్చుంటారు. మా పిల్ల బయటికొచ్చి తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుంది. చేతులు ఐసులా ఉన్నాయి.

"మామయ్యా, సొనాటా సగంలో ఆపేశారు. థాంక్యూ అన్నారు. అయిపోయినట్టేనా?"

"అందర్నీ ఆపుతారే. వాళ్లకు కావాల్సింది విన్నారన్నమాట."

నిజంగానే అందర్నీ ఆపుతారు. ఈ సంగతి ముందే తెలిస్తే ఆ రాత్రి నిద్ర పడుతుంది. థియరీ, చెవి పరీక్షలు వేరే ఉంటాయి, జర్మన్ తెలియకపోతే అక్కడ దొరికిపోతాం. హైదరాబాద్‌లో మనం బీ అని నేర్చుకున్న స్వరాన్ని జర్మన్లు హెచ్ అంటారు, హా అని పలుకుతారు. వాళ్ల బీ మన బీ ఫ్లాట్. పదేళ్లు చదివిన అక్షరం ఒక్కరోజులో అర్థం మార్చుకుంటుంది. మా పిల్ల ఒక డిక్టేషన్ (వినిపించిన స్వరాలను విని రాసే పరీక్ష) మొత్తం అర స్వరం పైకి రాసి వచ్చింది.

ఆ పరీక్ష పోయింది. ట్రయల్ క్లాసులో చేతికి వచ్చిన గురువు దగ్గర మాత్రం, ఇంకో ఊళ్లో, సీటొచ్చింది. ఇప్పుడు పొద్దున్నే గేటు దగ్గర వాచ్‌మన్ కిటికీ ముందు సాధన గది తాళం కోసం లైన్లో నిలబడుతోంది. టీ తాగడానికని పావుగంట బయటికెళ్తే గది ఇంకెవరికో పోతుందట.

బావ ఆ షీట్‌ను ఈమధ్య స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పెట్టేముందు ర్యాంకింగ్ కాలమ్ తీసేశాడు. టీచర్, రిటైర్మెంట్ సంవత్సరం, ట్రయల్ క్లాసు తేదీ అని మూడు కొత్తవి చేర్చాడు. వాటిలో మా పిల్ల నింపుకున్న పేర్లన్నీ చెరిపేసి, గళ్లు ఖాళీగా ఉంచాడు.